చేతికి చూపు నేర్పిన తల్లి

హైదరాబాదు పాతనగరంలో చార్మినారుకు ఆనుకొని సాగే లాడ్ బజారు గాజులకు ప్రసిద్ధి. నిప్పుల సెగకు మెత్తబడిన లక్కను సాగదీసి, వలయంగా వంచి, అది గట్టిపడేలోగా చిన్న చిన్న రంగురాళ్ళను ఒక్కొక్కటిగా అద్దడం అక్కడి పనివారి విద్య. లక్క ఎంత వేడిగా ఉన్నదో, రాయి ఎంత లోతుకు దిగినదో వారి కంటికంటె ముందు వేలికి తెలుస్తుంది. సమీపంలోని పత్తర్‌గట్టీ ముత్యాల అంగళ్ళలో అనుభవజ్ఞులు ముత్యాన్ని పంటికి రాచి, ఆ గరుకును బట్టి దాని మంచిచెడ్డలు నిర్ణయిస్తారు. చీర అంచును రెండు వేళ్ళ నడుమ నలిపి నేత ఎటువంటిదో చెప్పే గృహిణికీ, చూపు మందగించినా చేటలోని బియ్యంలో రాతిని వేలికొసతో పట్టుకొనే అవ్వకూ తెలిసిన విద్య కూడ ఇదే. దీనికి పుస్తకం లేదు, పరీక్ష లేదు. బహుశః అందువల్లనే చదువుకున్నవారు దీనిని విద్యగా లెక్కించరు.

ఈ విద్యను ఆటగా మార్చి శిశువుల ముందుంచే పద్ధతి ఒకటి ఉన్నది. ఒక గుడ్డసంచిలో తాళంచెవి, గోలీ, చింతగింజ, గాజు, గవ్వ, చెంచా వంటి వస్తువులు వేస్తారు. బిడ్డ సంచిలో చేయి పెట్టి, చూడకుండానే ఒక వస్తువును తడిమి దాని పేరు చెప్పాలి. ఆ తరువాతనే దానిని బయటికి తీసి చూసుకోవాలి. చెప్పిన పేరు, చేతిలోని వస్తువు ఒకటైనప్పుడు ఆ పసిముఖంలో కలిగే వికాసాన్ని చూచినవారు మరచిపోలేరు. దీనిని రహస్యపు సంచి ఆట అంటారు. మన కళ్ళగంతలు, వీరివీరి గుమ్మడిపండు వంటి ఆటలకు ఇది దగ్గరి చుట్టమే. కాని దీనిని పాఠంగా గుర్తించి, బడిలో దానికొక పీట వేసినది ఇటలీ దేశపు వైద్యురాలు ఒకామె. హైదరాబాదు వీధులలో ఎన్నో చిన్నబడుల బోర్డుల మీద ఆమె ఇంటిపేరు కనబడుతుంది. అది ఒక స్త్రీ ఇంటిపేరని ఆ బోర్డుల క్రింద నడచిపోయేవారిలో చాలమందికి తెలియదు. ఆమె మరియా మాంటిస్సోరి.

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీ తూర్పుతీరాన ఆంకోనా నగరానికి సమీపంలోని కియారవాల్లె అనే చిన్న ఊరిలో జన్మించింది. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగి, సంప్రదాయాభిమాని. తల్లి రెనీల్డె పుస్తకప్రియురాలు. మరియా బాల్యంలోనే ఆ కుటుంబం రోము నగరానికి తరలివచ్చింది. ఆడపిల్ల చదువుకుంటే ఉపాధ్యాయిని కావడం తప్ప వేరు మార్గం లేదని భావించే కాలమది. మరియా మాత్రం మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరి, ఇంజనీరు కావాలనుకొన్నది. పిమ్మట వైద్యవిద్య వైపు మనసు మళ్ళింది. తండ్రికి ఇష్టం లేదు, తల్లి వెన్నుదన్నుగా నిలిచింది.

రోము విశ్వవిద్యాలయంలో మగవిద్యార్థుల సరసన నిలబడి శవపరీక్ష చేయడం స్త్రీకి తగదని పెద్దలు నిర్ణయించారు. అందువల్ల అందరూ వెళ్ళిపోయిన తరువాత, సాయంకాలాలు, ఆ గదిలో ఒంటరిగా మృతదేహాల మధ్య ఆమె తన పాఠం పూర్తిచేసుకోవలసి వచ్చేది. 1896లో ఆమె వైద్యపట్టా పొందింది. ఇటలీలో వైద్యురాలైన మొట్టమొదటి స్త్రీ ఆమెయే అని కొన్ని పుస్తకాలలో కనబడుతుంది గాని అది సరికాదు. అంతకుముందే ఒకరిద్దరు ఆ దారి తొక్కియున్నారు. ఆమె గొప్పతనానికి ఆ అతిశయోక్తి అవసరం కూడ లేదు.

పట్టా చేతికి వచ్చిన తరువాత ఆమె విశ్వవిద్యాలయపు మానసిక చికిత్సాలయంలో పనిచేసింది. ఆ పనిమీద రోములోని పిచ్చాసుపత్రులకు వెళ్ళినప్పుడు, బుద్ధిమాంద్యం గల పిల్లలను పెద్ద రోగులతో కలిపి బంధించి ఉంచడం చూసింది. అక్కడ జరిగిన ఒక సంఘటనను ఆమె జీవితచరిత్రకారులు పదే పదే చెబుతారు. ఒక బోసిగదిలో పిల్లలు భోజనం ముగిసిన వెంటనే నేలమీద పడి రొట్టె తునకల కోసం వెదకుతున్నారట. వారి కాపలాదారు దానిని తిండియావగా భావించి అసహ్యించుకొన్నది. మరియా చుట్టూ చూసింది. ఆ గదిలో గోడలు తప్ప మరేమీ లేవు. పట్టుకొనడానికి, తిప్పి చూడడానికి, చేతితో ఏదైనా చేయడానికి ఆ పిల్లలకు రొట్టె తునకలు తప్ప ఈ లోకంలో మరొక వస్తువు లేదు. వారిది కడుపు ఆకలి కాదు, చేతుల ఆకలి అని ఆమెకు తోచింది.

అక్కడినుండి ఆమె ప్రయాణం మలుపు తిరిగింది. ఆమె పాత గ్రంథాల కోసం వెదకింది. అడవిలో దొరికిన బాలునికి మాటలు నేర్పడానికి శ్రమించిన ఫ్రెంచి వైద్యుడు ఇటార్, బుద్ధిమాంద్యం గల పిల్లలకు చేతిపనుల ద్వారా, స్పర్శ ద్వారా చదువు చెప్పిన అతని శిష్యుడు సెగ్వాన్, వీరిద్దరి రచనలు ఆమెకు లభించాయి. వాటిని కేవలం చదివి ఊరుకొనక, తన చేతితో ఇటాలియను భాషలోనికి పూర్తిగా అనువదించి వ్రాసుకొన్నది. ప్రతి మాట బరువు తెలియాలంటే వ్రాయవలసిందేనని ఆమె నమ్మకం. 1900లో అటువంటి పిల్లలకోసం, వారి ఉపాధ్యాయుల కోసం రోములో ఏర్పడిన సంస్థకు ఆమె సహసంచాలకురాలైంది. ఆ పిల్లలలో కొందరు సాధారణ బాలురతో పాటు ప్రభుత్వ పరీక్షలలో ఉత్తీర్ణులైనారు. అందరూ మెచ్చుకొన్నారు. ఆమె మాత్రం కలవరపడింది. మందబుద్ధులనబడిన పిల్లలు ఇంత సాధించగలిగితే, ఆరోగ్యవంతులైన పిల్లలు ఇంతకంటె ముందుకు పోలేకపోవడానికి కారణం ఏమిటి? వారి బడులలో లోపం ఎక్కడున్నది? ఈ ప్రశ్న ఆమెను వదలలేదు.

ఆ సంస్థలో ఆమెతో కలిసి పనిచేసిన వైద్యుడు జ్యూసెప్పె మాంటెసానో. వారిరువురి అనురాగానికి ఫలంగా 1898 మార్చి 31న ఒక కుమారుడు కలిగాడు. వివాహం జరుగలేదు. అవివాహిత తల్లి అని తెలిసిన మరుక్షణం ఆనాటి సమాజంలో ఆమె వృత్తి, గౌరవం, అంతవరకు సాధించిన సమస్తం కూలిపోయి ఉండేవి. మారియో అని పేరు పెట్టిన ఆ బిడ్డను రోముకు దూరంగా ఒక పల్లె కుటుంబానికి పెంపకానికి అప్పగించారు. తల్లి అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్ళేది, తాను తల్లినని చెప్పకుండా. 1901లో మాంటెసానో వేరొక స్త్రీని వివాహం చేసుకొన్నాడు. మరియా ఆ సంస్థను విడిచిపెట్టింది. ఒడిలో బిడ్డను పెంచుకొనే అదృష్టం కోల్పోయిన స్త్రీ, ఆ తరువాత యాభై యేళ్ళు ఇతరుల బిడ్డల నడుమ గడిపింది. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం కట్టడం సులభమే. అది ఎంత నిజమో ఆమెకే తెలియాలి.

రోములో శాన్ లొరెంజో అనే పేటకు చెడ్డపేరు ఉండేది. నిర్మాణదారులు దివాలా తీసి సగంలో వదలిపెట్టిన భవనాలలో పేదలు క్రిక్కిరిసి ఉండేవారు. ఒక సంస్థ ఆ భవనాలను బాగుచేసి కూలివారికి అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు పగలంతా పనికి పోగా, బడియీడు రాని పిల్లలు మెట్లమీద, గోడలమీద తమ ప్రతాపం చూపసాగారు. సున్నం చెడగొడుతున్నారని యజమానుల బాధ. పిల్లలందరినీ ఒక గదిలో చేర్చి ఎవరో ఒకరు కనిపెట్టి ఉంటే చాలునని వారు భావించారు. ఆ పనికి మాంటిస్సోరిని పిలిచారు. ఒక వైద్యురాలు, ఆచార్యపదవిలో ఉన్న స్త్రీ, గోడల సున్నం కాపాడే పనికి ఒప్పుకోవడం తోటివారికి చిన్నతనంగా తోచింది. ఆమెకు అందులో తన ప్రశ్నకు సమాధానం కనిపించింది. 1907 జనవరి 6న ఆ గది తెరచుకొన్నది. దాని పేరు బాలల ఇల్లు. సుమారు యాభైమంది పిల్లలు, బెదరిన కళ్ళతో, ఒకరి చేయి ఒకరు పట్టుకొని లోపలికి వచ్చారు.

ఆ గదిలో ఆమె చేసినది బోధన అనడం కంటె పరిశీలన అనడం ఉచితం. కొయ్యదిమ్మలోని రంధ్రాలలో సరిపోయే గుండ్రని దుంగలను అమర్చే ఆట ఒకటి ఉండేది. మూడేళ్ళ పాప ఒకతె దానిలో లీనమై ఉండగా, మాంటిస్సోరి తక్కిన పిల్లలచేత చుట్టూ పాటలు పాడించింది. పాప కూర్చున్న కుర్చీని ఎత్తి బల్లపై పెట్టింది. పాప దుంగలను ఒడిలోనికి లాక్కొని ఆట కొనసాగించింది. అలా నలభైకి పైగా మార్లు అదేపని చేసి, నిద్రనుండి లేచినట్లు తలయెత్తి, తృప్తిగా నవ్వింది. పిల్లలకు నిలకడ ఉండదని చెప్పే శాస్త్రం తప్పని, వారి చేతికి తగిన పని దొరకకపోవడమే అసలు కారణమని ఆమె గ్రహించింది.

స్పర్శకు ఆమె ఇచ్చిన పాఠాలలోని శ్రద్ధ ఆశ్చర్యం కలిగిస్తుంది. పిల్లలు ముందుగా సబ్బుతో చేతులు కడుగుకొని, గోరువెచ్చని నీటిలో వేళ్ళు ముంచి, మెత్తగా తుడుచుకోవాలి. వేలికొసల చర్మం అప్పుడు మేల్కొంటుంది. కళ్ళు మూసుకొని, నునుపైన పలకను, గరుకు కాగితం అతికించిన పలకను తేలికగా, రాసీరాయనట్లు నిమరాలి. అదిమితే తెలియదు. పిమ్మట మఖమలు, పట్టు, ఉన్ని, నూలు, నార బట్టల ముక్కలు ఒక పెట్టెలో కలగలిపి ఇస్తే, జతలు ఏరాలి. పాతనగరంలో మదీనా ప్రాంతపు బట్టల వర్తకుడు ఆ పాఠం వింటే తన దుకాణంలోని విద్య బడికెక్కినదని సంతోషించియుండేవాడు.

దీనికి పై మెట్టు వస్తువులను గుర్తించే ఆట. మొదట సమఘనాలు, పొడవాటి ఇటుకముక్కలు కలిపి, కళ్ళకు గంత కట్టి, ఒక రకాన్ని కుడికి, మరొక రకాన్ని ఎడమకు వేరుచేయమనేవారు. తరువాత బొమ్మ సైనికులు, చిన్న బంతులు, నాణెములు. చివరకు గోధుమగింజ, బియ్యపుగింజ వంటి స్వల్పభేదం గల వాటిని సైతం ఆ పసివేళ్ళు పోల్చుకొన్నాయి. కళ్ళు లేకుండానే చూడగలుగుతున్నామని పిల్లలు గర్వపడేవారని, తమ చేతులు ఎత్తి అవే తమ కళ్ళని చూపేవారని ఆమె వ్రాసిపెట్టింది. ఈ జ్ఞానం కేవలం చర్మానికి చెందినది కాదు. చేయి వస్తువును చుట్టుకొని, తిప్పి, బరువు చూచి, అంచుల వెంట నడచినప్పుడు కండరాల కదలిక, చర్మపు స్పర్శ రెండూ కలిసి మెదడులో ఆ వస్తువు రూపాన్ని నిర్మిస్తాయి. వైద్యులు నరాల వ్యాధి గలవారి అరచేతిలో తాళంచెవినో నాణెమునో ఉంచి, కళ్ళు మూయించి పేరు అడుగుతారు. మెదడులో దెబ్బతిన్న చోటును తెలుసుకొనడానికి అదొక పరీక్ష. వైద్యురాలైన మాంటిస్సోరి ఆ పరీక్షలోని భయాన్ని తీసివేసి దానిని ఆటగా మార్చింది.

ఏనుగును తడిమిన అంధుల కథ అందరికీ తెలిసినదే. తర్కశాస్త్రంలో దానికి అంధగజన్యాయమని పేరు. ఆ అంధుల దోషం స్పర్శను నమ్మడం కాదు, పట్టుకొన్న చోటినుండి చేయి కదల్చకపోవడం. స్త్రీపర్వంలో ధృతరాష్ట్రుని కథ ఇంకొక విధమైనది. పుత్రశోకంతో రగిలిన ఆ రాజు భీముని కౌగిలించుకోబోగా కృష్ణుడు ఉక్కుబొమ్మను ముందుకు నెట్టాడు. జీవితమంతా స్పర్శతోనే మనుషులను ఎరిగిన వృద్ధునికి, ఆ క్షణంలో ఉక్కుకు, ఒంటికి భేదం తెలియలేదు. బొమ్మ నుగ్గయింది. కోపం కమ్మిన చేతికి చూపు ఉండదు. స్పర్శపాఠానికి ముందు గదిలో నిశ్శబ్దం, మనసులో నెమ్మది ఉండాలని మాంటిస్సోరి పట్టుబట్టడానికి కారణం ఇటువంటిదే.

అక్షరాలను కూడ ఆమె వేలికే ముందు పరిచయం చేసింది. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను పలకలపై అతికించి, వ్రాసే దిశలోనే వేలితో నిమరమనేది. మన వీధిబడులలో ఇసుక పరచి, వేలితో ఓనమాలు దిద్దించే ఆచారం ఎన్నో తరాలనాటిది. పళ్ళెంలో బియ్యం పోసి బిడ్డ వేలు పట్టుకొని అక్షరాభ్యాసం చేయించడం ఇప్పటికీ ఉన్నది. ఆ విధంగా చూస్తే ఆమె కనుగొన్నది మనకు కొత్త కాదు. అయితే మన బడిలో పిల్లవాని వేలిని పంతులుగారు పట్టి లాగేవారు, ఒక్కొక్కప్పుడు ఇసుక రాపిడికి చర్మం లేచేదాకా. ఆమె బడిలో వేలు తనంత తాను నడిచేది. ఆ భేదం చిన్నది కాదు.

1907 డిసెంబరులో ఒక ఎండకాసిన రోజున ఆమె పిల్లలతో డాబామీద కూర్చున్నది. అయిదేళ్ళ బాలునికి సుద్దముక్క ఇచ్చి, పొగగొట్టం బొమ్మ గీయమన్నది. వాడు నేలమీద చక్కగా గీశాడు. ఆమె మెచ్చుకొన్నది. వాడు ఆమెవైపు చూచి నవ్వి, క్షణం ఆగి, తనకు వ్రాయడం వచ్చునని కేక పెట్టి, నేలకు వంగి ఒక మాట వ్రాశాడు. అంతవరకు వానికెవరూ వ్రాయడం నేర్పలేదు. గరుకు అక్షరాలను నిమరడమే వాని చదువు. అప్పుడు వాడు వ్రాసిన మొదటి మాటకు అర్థం చేయి. ఆ తరువాత పొగగొట్టమని, ఇంటికప్పు అని వ్రాశాడు. తక్కిన పిల్లలు సుద్దకోసం ఎగబడ్డారు. కొద్దిరోజులలో శాన్ లొరెంజో ఇళ్ళ తలుపులమీద, గోడలమీద, చివరకు రొట్టెలమీద కూడ అక్షరాలు వెలిశాయి. పిల్లలు సున్నం చెడగొడుతున్నారని బాధపడిన యజమానులు ఇప్పుడేమన్నారో చరిత్ర చెప్పదు.

1909లో వెలువడిన ఆమె గ్రంథం అనేక భాషలలోనికి వెళ్ళింది. 1913లో అమెరికాలో ఆమె ఉపన్యాసానికి న్యూయార్కులోని కార్నెగీ హాలు నిండిపోయింది. చూపు, వినికిడి రెండూ లేక, అరచేతిలో వ్రాసే అక్షరాలతో లోకాన్ని ఎరిగిన హెలెన్ కెల్లర్ ఆ దేశంలో ఆమెను కలుసుకొన్నది. స్పర్శయే చదువుగా బ్రతికిన స్త్రీ, స్పర్శను చదువుగా నిలిపిన స్త్రీ ఎదురుబడిన ఆ ఘట్టం ఊహించుకొనదగినది. 1915లో సాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల తరగతిగది కట్టి పిల్లలు పనిచేసే తీరును వేలాదిమందికి చూపారు. విమర్శలు కూడ వచ్చాయి. అమెరికా విద్యావేత్త కిల్‌పాట్రిక్ 1914లో ఆమె పద్ధతిపై పుస్తకం వ్రాసి, ఇంద్రియశిక్షణ వల్ల సాధారణ బుద్ధి పెరుగుతుందనడానికి ఆధారం లేదని వాదించాడు. ఆ దేశంలో ఆమె ప్రభ కొన్నేళ్ళలోనే తగ్గింది. ఆ వాదంలో కొంత నిజం లేకపోలేదు. గోధుమను బియ్యాన్ని పోల్చినంత మాత్రాన గణితం రాదు. కాని తన చేతిని తాను నమ్మడం నేర్చిన బిడ్డకు గణితపు పూసలను చూచి భయం వేయదు.

1912లో ఆమె తల్లి మరణించింది. మరుసటి సంవత్సరం పదిహేనేళ్ళ మారియో ఆమె వద్దకు వచ్చి చేరాడు. అప్పటినుండి తల్లికి నీడవలె, అనువాదకునిగా, సహచరునిగా మెలగాడు. అయినా లోకానికి అతడు మేనల్లుడు, లేదా పెంపుడు కొడుకు. నిజం ఇంటిలోపలనే ఉండిపోయింది.

ఆమె జీవితంలో సమర్థించడానికి కష్టమైన అధ్యాయం ఒకటి ఉన్నది. 1924లో ముస్సోలినీ ఆమె విద్యావిధానాన్ని ఆదరించగా, ఆమె ఆ ఆదరణను స్వీకరించింది. బడులు ఎవరి డబ్బుతో నడిచినా పిల్లలకు మేలే గదా అని ఆమె అనుకొనియుండవచ్చు. పిల్లలను స్వతంత్రులుగా పెంచే బడికీ, పిల్లలచేత కవాతు చేయించే ప్రభుత్వానికీ పొత్తు కుదరదని తెలుసుకొనడానికి ఆమెకు పదేళ్ళు పట్టింది. 1934లో ఇటలీలో ఆమె బడులు మూతపడ్డాయి. జర్మనీలో నాజీలు ఆమె బడులను మూయించి, ఆమె పుస్తకాలను తగులబెట్టారు. ఆమె స్పెయినులోని బార్సెలోనాలో నివసించేది. 1936లో అక్కడ అంతర్యుద్ధం చెలరేగగా హాలెండు చేరుకొన్నది.

భారతదేశంతో ఆమెకు పరిచయం అంతకుముందే కలిగింది. 1931 అక్టోబరులో లండనులోని ఆమె శిక్షణకేంద్రానికి గాంధీజీ వెళ్ళి, లక్షలాది పేదపిల్లలకు ఈ విద్య అందాలని కోరాడు. దివ్యజ్ఞాన సమాజపు అధ్యక్షుడు జార్జి అరుండేలు, ఆయన భార్య రుక్మిణీదేవి ఆహ్వానంపై 1939 నవంబరులో, అరవైతొమ్మిదేళ్ళ వయస్సులో, ఆమె మద్రాసులోని అడయారుకు వచ్చింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడ అంతర్భాగాలే. దేశం నలుమూలల నుండి సుమారు మూడువందలమంది శిక్షణకు వచ్చారు. సముద్రపు గాలి వీచే తాటాకు పాకలలో, చాపలమీద కూర్చున్న వారి ఎదుట ఆమె ఇటాలియనులో మాట్లాడితే, ప్రక్కన నిలిచిన మారియో ఇంగ్లీషులో చెప్పేవాడు.

కొద్దినెలలకని వచ్చిన ఆమెను యుద్ధం నిలిపివేసింది. 1940 జూనులో ఇటలీ బ్రిటనుపై యుద్ధం ప్రకటించడంతో, ఈ దేశంలోని ఇటాలియనులు శత్రువులైనారు. మారియోను నిర్బంధ శిబిరానికి తరలించారు. ఆమెను అడయారు ఆవరణ దాటరాదని ఆంక్షించారు. దూరదేశంలో, డెబ్బై యేళ్ళ ముంగిట, తన మాటకు మాటగా ఉన్న మనిషి లేక ఆమె ఒంటరిదైంది. ఆ ఆగస్టు 31న ఆమె పుట్టినరోజుకు వైస్రాయి నుండి తంతి వచ్చింది. డెబ్బయ్యవ జన్మదినానికి ఆమెకు ఏ కానుక ఇవ్వాలా అని ఆలోచించి, ఆమె కుమారుని ఆమెకు తిరిగి ఇవ్వడమే తగినదని నిర్ణయించామని దాని సారాంశం. నలభైరెండేళ్ళుగా నోట పలుకలేని బంధాన్ని, శత్రుదేశపు ప్రభుత్వం ఒక తంతి కాగితంమీద అచ్చుకొట్టి పంపింది. అటు తరువాత ఆమె దానిని దాచలేదు.

1942 మొదలు రెండేళ్ళు వారు కొడైకెనాలు కొండలలో గడిపారు. ఆకులు, రాళ్ళు, పురుగులు, నక్షత్రాలు, అన్నీ ఆమె పాఠాలలో చేరాయి. తల్లి చంకనెక్కి సంతకు, పొలానికి తిరిగే మన పసిబిడ్డలను ఆమె కుతూహలంతో గమనించింది. ప్రత్యేకించి ఎవరూ నేర్పకుండానే బిడ్డ చుట్టూ ఉన్న భాషను, నడవడిని పీల్చుకొంటుందన్న ఆమె సిద్ధాంతం ఇక్కడనే పరిపుష్టమైంది. ఆ విషయమై ఆమె చేసిన ఉపన్యాసాలు 1949లో మద్రాసులోనే పుస్తకంగా వెలువడ్డాయి. ఆమె ఈ దేశంలో వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులను తయారుచేసింది. 1946లో ఐరోపాకు వెళ్ళి, మరుసటి ఏడాది తిరిగివచ్చి, 1949 వరకు రాకపోకలు సాగించింది. తెలుగునాట ఆ పేరు నిలబెట్టినవారిలో విజయవాడకు చెందిన వి. కోటేశ్వరమ్మ ముఖ్యురాలు. ఆమె 1955లో స్థాపించిన చిన్నబడి మహిళా కళాశాలగా పెరిగింది. 2017లో భారతప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. 2019లో ఆమె కన్నుమూసింది.

మాంటిస్సోరి పేరుమీద ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు. ఎవరైనా తమ బడికి ఆ పేరు పెట్టుకొనవచ్చు. అందుచేత ఆ బోర్డు క్రింద మూడేళ్ళ పిల్లలు బెంచీలమీద చేతులు కట్టుకొని కూర్చొని పద్యాలు అప్పజెప్పే దృశ్యం కూడ కనబడుతుంది. వేరొక చోట, సంపన్నులు మాత్రమే చెల్లించగల రుసుములతో, దిగుమతి చేసుకొన్న కొయ్యపరికరాలతో ఆ బడి నడుస్తుంది. కూలివారి పిల్లల కోసం పుట్టిన చదువు వారికే దూరమైంది. గుడ్డసంచికి, అందులో వేసే గోలీకి, చింతగింజకు అయ్యే ఖర్చు ఏపాటిది?

పాతనగరానికి ఈ విషయంలో చేదు జ్ఞాపకం ఒకటి ఉన్నది. 2015 జనవరిలో పోలీసులు అక్కడి ఇరుకు గదులలో గాజుల తయారీకి పెట్టిన రెండువందలమందికి పైగా బాలురను విడిపించారు. వారిలో ఎక్కువమంది బీహారునుండి తెచ్చినవారు. పొద్దున మొదలు రాత్రివరకు లక్కకు రాళ్ళు అద్దిన ఆ వేళ్ళకు కూడ స్పర్శ బాగా తెలుసు. కాని ఆ వేళ్ళు తమకోసం దేనినీ పట్టిచూడలేదు, తెలుసుకొన్నదానిని ఎవరికీ చెప్పలేదు. రోములోని ఆ బోసిగదిలో నేలమీద రొట్టె తునకలు వెదకిన పిల్లలకు పని లేదు. వీరికి పని తప్ప మరేమీ లేదు. రెండుచోట్లా చేతుల ఆకలి ఒకటే.

1949 నుండి వరుసగా మూడేళ్ళు మాంటిస్సోరి పేరు నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదింపబడింది గాని బహుమతి రాలేదు. 1990 నుండి యూరో వచ్చేవరకు ఇటలీ వెయ్యి లీరాల నోటుమీద ఆమె బొమ్మ ఉండేది. తమ బడులనుండి వెళ్ళగొట్టిన స్త్రీని ఆ దేశం అలా ఇంటింటికీ తిరిగి పిలుచుకొన్నది.

ఆమె 1952 మే 6న హాలెండులోని నూర్ద్‌వైక్ అనే సముద్రతీర గ్రామంలో మరణించింది. ఎనభై ఒకటవ యేట కూడ ఆఫ్రికా ప్రయాణం గురించి మారియోతో చర్చిస్తూ ఉండగానే ప్రాణం పోయిందంటారు. శవాన్ని స్వదేశానికి చేర్చకుండా, మరణించిన చోటనే ఖననం చేశారు. ఆమె వదలిన వీలునామాలో తన పని బాధ్యత మొత్తం మారియోకు అప్పగించి, అతడిని తన కుమారుడనే పేర్కొన్నది.